మాస్టారు దువ్విన ఏసీ

ఏసీలో చల్లగాలి తగ్గి వారమైంది. మెకానిక్కుని పిలుద్దామని మాస్టారితో వాళ్ళావిడ అన్నది ఒక్కసారే. ఫిజిక్సు మాస్టారి పౌరుషానికి ఆ ఒక్కసారీ చాలు.

"బయట పెట్టెకి దుమ్ము పట్టింది, అంతేగా. ముప్ఫయ్యేళ్ళుగా ఉష్ణం పాఠం చెబుతున్నవాణ్ణి, ఆమాత్రం కడగలేనా?"

"పాఠం చెబితే దుమ్ము పోతుందా?"

"ఆదివారం సాయంత్రానికి గది చల్లబడకపోతే రిమోట్ నీకే రాసిచ్చేస్తాను, పో."

అది చిన్న మాట కాదు. ఆ ఇంట్లో మాస్టారి మాట వినే వస్తువు రిమోట్ ఒక్కటే మిగిలింది. ఆయనకి ఇరవై రెండు ఉంటే తప్ప కన్ను మూతపడదు. ఆవిడకి ఇరవై ఎనిమిదికి తగ్గితే పళ్ళు కొట్టుకుంటాయి.

శనివారం ఆవిడ పోస్టాఫీసు పనికి వెళ్ళగానే మాస్టారు మెయిన్ స్విచ్ ఆపారు. ఆ రోజు ఆయన సరిగ్గా చేసిన పని అదొక్కటే. బాల్కనీలో పెట్టె వెనక పల్చటి రేకుల నిండా దుమ్మూ, పావురాల ఈకలూ. పైపుతో నీళ్ళు మెల్లగా కొడితే పోయే మురికి. మాస్టారు బాత్రూం బ్రష్షు తెచ్చి అడ్డంగా రుద్దారు. మురికి పోయింది. రేకులూ వంగి, గాలి దూరే సందు లేకుండా అతుక్కుపోయాయి.

వంగిన రేకుల్ని నిలబెట్టడానికి మాస్టారు ఆవిడ దువ్వెన తెచ్చి దువ్వడం మొదలుపెట్టారు. రేకులు లేవలేదు. దువ్వెన పళ్ళే విరిగి లోపల ఇరుక్కున్నాయి. ఏసీ వేస్తే వేడి నిట్టూర్పు వచ్చింది. దువ్వెనని పుస్తకాల వెనక దాచేసి, ఇక తన బతుకింతే అనుకుని మాస్టారు మంచం మీద కూలబడ్డారు.

"నా దువ్వెన చూశారా?" అంది ఆవిడ సాయంత్రం.

"నాకెందుకే దువ్వెన?" అన్నారాయన బట్టతల నిమురుకుంటూ.

"అదే, నాకూ అర్థం కాలేదు."

ఆవిడ పుస్తకాల వైపు ఓ చూపు చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం ఆవిడ అక్కగారింటికి బయల్దేరింది. గుమ్మం దాటిందో లేదో మాస్టారు ఎప్పుడూ వచ్చే మెకానిక్కుకి ఫోన్ కలిపారు. "బాబూ, కాస్త చాటుగా వచ్చి బాగుచేసిపెట్టు. మా ఆవిడకి తెలియకూడదు."

"కిందే ఉన్నాను సార్, వస్తున్నా" అన్నాడు మెకానిక్కు. దేవుడున్నాడనుకున్నారు మాస్టారు.

మెకానిక్కు రెండు గంటలు చతికిలబడి రేకులు ఒక్కొక్కటే సరిచేశాడు, నీళ్ళతో కడిగాడు. గది చల్లబడింది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది మాస్టారికి. అప్పుడు మెకానిక్కు అరచెయ్యి చాపి చూపించాడు.

"ఏడే దొరికాయి సార్. దువ్వెనకి ఎనిమిది పళ్ళు విరిగాయన్నారే మేడమ్?"

మాస్టారు ఆ పళ్ళ వంక చూశారు. "మేడమ్... ఎప్పుడన్నది?"

"పొద్దున్నే ఫోన్ చేశారు సార్. మీరు పదిన్నరకల్లా పిలుస్తారు, కింద కాచుకుని ఉండమన్నారు." అతను కాస్త మొహమాటపడ్డాడు. "పనయ్యాక రిమోట్ తీసుకెళ్ళి వాళ్ళక్కగారింట్లో ఇవ్వమన్నారు. ఏమీ అనుకోకండి."

మాస్టారు రిమోట్ తీశారు. ఇచ్చేముందు, పోనీ ఈ ఒక్క రోజైనా సుఖపడదామని, ఇరవై రెండు నొక్కబోయారు.

"అది కూడా చెప్పారు సార్" అన్నాడు మెకానిక్కు జాలిగా. "ఇరవై ఎనిమిది పెట్టించి మరీ తెమ్మన్నారు."