చల్లనయ్యగారి క్యాబినెట్

డెస్క్‌టాప్ కంప్యూటర్ అభిమానుల సంఘంలో ప్రధాన సలహాదారు పదవి ఖాళీ అయిందని తెలియజేయడానికి చింతిస్తున్నాం. నిన్నటివరకూ ఆ పదవిలో ఉన్న చల్లనయ్యగారు ఆరోగ్యంగానే ఉన్నారు. ఆయన కంప్యూటర్ కూడా పనిచేస్తోంది. విచారమంతా అక్కడే ఉంది.

సంఘం మినిట్స్ రాసే బాధ్యత నాది కాబట్టి జరిగింది జరిగినట్టు నమోదు చేస్తున్నాను.

మా సంఘంలో నాలుగు వందల పన్నెండు మంది సభ్యులు. ఆదివారాలు అధ్యక్షులవారి పళ్ల ఆసుపత్రిలో, రోగులు కూర్చునే గదిలో కలుస్తాం. మిగతా రోజుల్లో ఫోన్ గ్రూపులో ప్రశ్నలు అడుగుతాం. ర్యామ్ రెండు ముక్కలుగా పెట్టాలా, నాలుగు ముక్కలుగానా? ఫ్యాను గాలిని లోపలికి లాగాలా, బయటికి తోయాలా? ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు బఠాణీ గింజంత పెట్టాలా, గీతలా గీయాలా? ఈ చివరి ప్రశ్న మీద తోడల్లుళ్లిద్దరు మూడేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. వాళ్ల భార్యలు మాత్రం మాట్లాడుకుంటూనే ఉన్నారు. పాపం, వాళ్లకు పేస్టు సంగతి తెలియదు.

మా నియమావళిలో నిషేధించిన ప్రశ్న ఒక్కటే: "దాంతో ఏం చేస్తారు?" కొత్తగా చేరినాయన ఒకసారి నోరుజారి ఈ మాట అడిగాడు. గదిలో అందరూ తమ చెప్పుల వైపు చూసుకున్నారు. ఆయన మళ్లీ రాలేదు.

నియమావళిలో మొదటి నియమం ఇంకా గొప్పది. ఏది కొనాలని ఎవరడిగినా, "ఇంకో మూడు నెలలు ఆగండి" అని చెప్పాలి. మూడు నెలల్లో ఇంతకంటే మంచిది వస్తుంది. వచ్చాక, దానికంటే మంచిది రావడానికి సరిగ్గా మూడు నెలలుంటుంది. దీన్ని కొందరు పిరికితనం అంటారు. మేం ముందుచూపు అంటాం. నా ఉద్దేశంలో మనిషి ప్రశ్న అడిగేది జవాబు కోసం కాదు. జవాబు దొరికితే ప్రశ్న చచ్చిపోతుంది. ఆ తర్వాత వచ్చే ఆదివారాన్ని ఏం చేసుకోవాలి?

చల్లనయ్యగారు కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తారు. రోజంతా జనం ఆయన కళ్లలోకే చూస్తారు, అద్దం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి. ఆయన్ని చూసేవాళ్లు ఎవరూ లేరు. మా గ్రూపులో అలా కాదు. ఆయన "వేడి తగ్గించండి" అని ఒక్క మాట రాస్తే నలభై నమస్కారాలు పడతాయి. కంప్యూటర్‌కు ఏ జబ్బు వచ్చినా వేడి తగ్గించమనే చెప్పేవారు కాబట్టి చల్లనయ్య అన్న పేరు వచ్చింది. ఎనిమిదేళ్లలో నాలుగు వేల ప్రశ్నలకు జవాబు చెప్పారు.

ఆయన అడిగింది మాత్రం ఒకే ఒక్క ప్రశ్న, చేరిన రోజున. "మా ఆవిడ టైపు పని చేస్తుంది. ఆమెకు ఏ కంప్యూటర్ కొనాలి?" అరవై రెండు జవాబులు వచ్చాయి. అన్నీ ఆగమన్నాయి. ఆయన ఆగారు. ఆగుతూ చదివారు. చదువుతూ ఇతరులకు చెప్పడం మొదలుపెట్టారు. చెబుతూ తన ప్రశ్న మరిచిపోయారు. ఇందులో వింతేమీ లేదు, సభ్యుల్లో సగంమంది చరిత్ర ఇదే. ఆవిడ మాత్రం ఎనిమిదేళ్లుగా సంచీ భుజాన వేసుకుని, రెండు వీధుల అవతల జిరాక్స్ షాపుకు వెళ్లి, కుర్చీ ఖాళీ అయ్యేదాకా నిలబడి, జనాల దరఖాస్తులూ విద్యార్థుల థీసిస్‌లూ టైపు చేసి వచ్చేది.

నాలుగు వేల జవాబులు పూర్తయిన సందర్భంలో సంఘం ఆయనకు ఒక క్యాబినెట్, అంటే కంప్యూటర్ భాగాలు బిగించుకునే పెట్టె, బహూకరించింది. పక్క గోడ అద్దానిది, మూడు ఫ్యాన్లు, నీలం లైట్లు. లోపల ఖాళీ. భాగాలు ఆయన స్థాయికి తగ్గట్టు ఆయనే అమర్చుకుంటారని మా నమ్మకం. ఆవిడ దాన్ని వారం రోజులు చూసి, ఉల్లిపాయలు పోసింది. గాలి ఆడుతుంది, ఎన్ని మిగిలాయో అద్దంలోంచి కనిపిస్తాయి.

ప్రధాన సలహాదారు పదవికి ఆయన్ని ఎన్నుకునే ముందు, ఆయన యంత్రాన్ని తనిఖీ చేయాలని తీర్మానించాం. అధ్యక్షులు, చెవి మాస్టారు, నేను వెళ్లాం. చెవి మాస్టారంటే రిటైరైన సంగీతం మాస్టారు. ఫ్యాను శబ్దం విని కంప్యూటర్ వయసు చెప్పేస్తారు. మేం వెళ్లేసరికి ఉల్లిపాయలు బేసిన్‌లోకి మారాయి. చల్లనయ్యగారి చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది.

అధ్యక్షులు థర్మామీటరు చూశారు. ఇరవై ఏడు. గదిలో కూడా ఇరవై ఏడే.

"ఒక్క పాయింటు కూడా ఎక్కువ లేదు! ఇలాంటిది చదవడమేగానీ చూడ్డం ఇదే మొదలు."

చెవి మాస్టారు అద్దానికి చెవి ఆనించి ఐదు నిమిషాలు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి. "శ్రుతి అంటే ఇదండీ," అన్నారు.

"ఒక్క వైరు కనిపించదే! ఎక్కడ దాచారండీ?" అన్నారు అధ్యక్షులు.

"దాచలేదండీ," అన్నారు చల్లనయ్యగారు.

ఆవిడ మంచినీళ్లు తెచ్చింది. అధ్యక్షులు మర్యాదగా అడిగారు. "అమ్మా, దీని పనితీరు మీకెలా ఉంది?"

"బానే ఉందండీ. ఉల్లిపాయలు మెత్తబడట్లేదు. గాలి బాగా ఆడుద్ది కదా."

నేను రాసుకున్నాను: గృహిణి అభిప్రాయం, గాలి ప్రసరణ సంతృప్తికరం.

అప్పుడు చల్లనయ్యగారు గొంతు సవరించుకున్నారు. "అయ్యా, ఒక్క మాట. అందులో ఏమీ లేదు."

అధ్యక్షులు లేచి ఆయన్ని గట్టిగా కౌగిలించుకున్నారు. "అదేనండీ! అనవసరమైంది ఏదీ లేదు. మేం పన్నెండేళ్లుగా మొత్తుకునేది అదే కదా!"

నేను ఆయన ముఖమే చూస్తున్నాను. అబద్ధం బయటపడ్డ మనిషి భయం నాకు తెలుసు. నిజం చెప్పినా బయటపడలేకపోయిన మనిషి భయం అంతకంటే పెద్దదని ఆ రోజే చూశాను.

ఎన్నిక ఏకగ్రీవం. ఆ నెలలోనే పదకొండు మంది సభ్యులు తమ గ్రాఫిక్స్ కార్డులు పీకేశారు. ఒకాయన మరింత సాహసించి ప్రాసెసరే తీసేసి, గది ఉష్ణోగ్రత సాధించి, మమ్మల్ని ఇంటికి పిలిచి చూపించాడు. అందరం చప్పట్లు కొట్టాం.

అటువంటి స్వర్ణయుగంలో ఒక మంగళవారం గ్రూపులో కొత్త సభ్యురాలి ప్రశ్న వచ్చింది. "నేను టైపు పని చేస్తాను. నేను వెళ్లే జిరాక్స్ షాపు సోమవారం మూసేస్తున్నారు. ఒకమ్మాయి థీసిస్ సగంలో ఉంది. ఏ కంప్యూటర్ కొనాలి?"

మధ్యాహ్నానికి అరవై జవాబులు. అందరూ ఆగమన్నారు. ఒకరు థీసిస్‌ను కూడా మూడు నెలలు ఆపమన్నారు. అందరం ప్రధాన సలహాదారు మాట కోసం ఎదురుచూశాం. ఆయన ఆ వేళ ఒక ముసలావిడకు కళ్లద్దాలు సరిచేస్తున్నారట. ఫోన్ చూసి, చాలాసేపు చూసి, ముసలావిడను ముక్కు మీద ఒక అద్దంతోనే వదిలేసి, ఇలా రాశారు:

"ఈ సాయంత్రమే కొను. ఏదైనా ఫరవాలేదు. ఎనిమిదేళ్లు ఆలస్యం చేశాను."

అత్యవసర సమావేశం జరిగింది. కొనమని చెప్పడం మొదటి నేరం. దాన్నైనా క్షమించవచ్చు. కానీ ఏదైనా ఫరవాలేదనడం! ఏదైనా ఫరవాలేదంటే నాలుగు వందల పన్నెండు మందిమి ఇన్నాళ్లూ ఏం చేస్తున్నట్టు? ఈ మాట అన్నది ఎవరో గుర్తులేదు. అన్న తర్వాత అందరూ చెప్పుల వైపు చూసుకున్నారు. "సంజాయిషీ ఏమైనా ఉందా?" అని అధ్యక్షులు అడిగారు. "ఇంటికెళ్లాలండీ, ఉల్లిపాయలకు బుట్ట కొనాలి," అని చల్లనయ్యగారు లేచి వెళ్లిపోయారు. బర్తరఫ్ కూడా ఏకగ్రీవమే.

గుర్తింపు కార్డు వెనక్కి తీసుకోవడానికి నేనే వెళ్లాను. వీధి చివర రిపేరు షాపతను గంటలో భాగాలన్నీ బిగించి వెళ్లాడట. గంటలో! మా సంఘంలో ఆ పనికి సగటున నాలుగేళ్లు పడుతుంది. అద్దంలోంచి వైర్లు చిక్కుజుట్టులా కనిపిస్తున్నాయి. వేడి అరవై ఒక్క డిగ్రీలు. మోత వంటింట్లోకి వినిపిస్తోంది. ఆవిడ టైపు చేస్తోంది. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని థీసిస్ చదివి చెబుతున్నారు.

"కామా," అన్నారు ఆయన.

"పెట్టాను. మీరు ముందు చదవండి," అంది ఆవిడ.

వాళ్లు నన్ను చూడలేదు. పరిస్థితి శోచనీయమని మినిట్స్‌లో రాశాను. గుమ్మంలో అవసరానికి మించి ఎంతసేపు నిలబడ్డానో రాయలేదు.

కనుక పదవి ఖాళీగా ఉంది. అర్హత విషయంలో సంఘం పట్టింపులేమీ పెట్టుకోలేదు. ఇదంతా చదివాక కూడా, ఇంతకీ ఆవిడ ఏ ప్రాసెసర్ కొంది, అది రాయలేదేమిటి అని మీ మనసులో ఎక్కడో మెదులుతూ ఉంటే, మీరు దరఖాస్తు పెట్టుకోనవసరం లేదు. మీ పేరు జాబితాలో ఎప్పుడో చేరింది.