మూత పడని పెట్టె

ఆ రోజు ఉదయం మీటల బాబాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. పెట్టెకు చివరి నాబ్ బిగించాలి, ఒకసారి పనిచేస్తుందో లేదో చూసుకోవాలి, మూత వేసి స్క్రూలు తిప్పాలి, గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి. పదకొండింటికి పెట్టె చూడ్డానికి కీబోర్డు కళాకారుడు వచ్చేసరికి నవ్వుతూ తలుపు తీయాలి. ఇందులో కష్టమేమీ లేదు. కష్టమంతా మూత దగ్గరే ఉంది, ఎందుకంటే ఆయన చేసిన ఏ పెట్టెకూ ఇంతవరకు మూత పడలేదు.

ఆయన ఉద్యోగం ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసి రావడం. ఇంటికి వచ్చాక చేసేదంతా సంగీతం పెట్టెల పని. బిస్కెట్ల డబ్బాకు చిల్లులు పొడిచి, నాబులు, బటన్లు, జారుడు మీటలు బిగించి, లోపల తీగలు సోల్డరింగ్ చేస్తాడు. అపార్ట్‌మెంటు పిల్లలు చూసి మీటల బాబాయి అని పేరు పెట్టారు. పేరు పెద్దవాళ్లకూ అంటుకుంది. చిత్రమేమిటంటే ఆ పెట్టెలు కిక్కురుమనవు. పెట్టె మీద నాబ్ తిప్పితే ల్యాప్‌టాప్‌లో పాట వేగం మారుతుంది, ఇంకోటి తిప్పితే పాడే గొంతు మారుతుంది. ఆ సంగతి మొదటిసారి వివరించినప్పుడు భార్య శ్రద్ధగా విని, "అంటే తను ఏ పనీ చెయ్యదు, పక్కవాళ్ల చేత చేయిస్తుంది. మా పాత మేనేజరూ ఇంతే" అంది.

భార్య ఆ మేనేజరు దగ్గర పని మానేసి, ఇంటి హాల్లోనే పెద్దవాళ్లకు వ్యాయామం నేర్పుతోంది. అందరూ ఆమెను టీచరమ్మ అంటారు. కుర్చీలో కూర్చుని చేతులు ఎత్తడం, దించడం, కాలు చాచడం, అంతే. కానీ ఆ చాపలు, కర్రలు, మడత కుర్చీలు పెట్టుకోవడానికి చోటు లేదు. చోటున్న ఒక్క చిన్న గదినీ బాబాయి తీగలు ఆక్రమించాయి. వాదించి వాదించి విసిగి, చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఈ రోజు కీబోర్డు కళాకారుడు పెట్టెను పట్టుకెళితే గది బాబాయిది. పట్టుకెళ్లకపోతే సాయంత్రానికల్లా గది టీచరమ్మది, తీగలన్నీ అటక మీదికి. సరేనన్నప్పటి నుంచి బాబాయికి కంటి మీద కునుకు లేదు. ఆ గది లేకపోతే తను మీటర్లు చూసి వచ్చే మనిషి మాత్రమే అవుతాడని ఆయన భయం.

పొద్దున ఉపాహారం ప్లేటు ముందు కూడా ఆయన కుదురుగా కూర్చోలేదు. ల్యాప్‌టాప్ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టుకున్నాడు, రెండు ముద్దలు తిన్నాడు, ఏదో గుర్తొచ్చి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని గదిలోకి పోయాడు. బల్ల మీద అప్పటికే టీచరమ్మ ల్యాప్‌టాప్ కూడా ఉంది. రెండూ ఒకే రోజు కొన్నవి, ఒకే రంగువి. ఒకటి చెడిపోతే రెండోది పనికొస్తుందని బాబాయే ఒకదాంట్లో ఉన్నదంతా రెండోదాంట్లోకి ఎక్కించాడు. టీచరమ్మ క్లాసుకు వాడే పాటలు కూడా ఆయన చేసినవే కనుక రెండింట్లోనూ ఉన్నాయి. గుర్తుకి ఒక రంగు కాగితమైనా అంటించమని ఆమె ఎన్నోసార్లు మొత్తుకుంది. అంటిస్తే అందం పోతుందని ఆయన వినలేదు. ఆ పొద్దున ఆయన చంకన పెట్టుకుపోయింది భార్య ల్యాప్‌టాప్.

పదింటికి హాల్లో క్లాసు మొదలైంది. టీచరమ్మ బల్ల మీద మిగిలిన ల్యాప్‌టాప్‌ను స్పీకరుకు తగిలించి పాట పెట్టింది. తాళం మీద ముందే రికార్డు చేసిన ఆమె గొంతే "ఒకటి... రెండు..." అని లెక్కపెడుతోంది. ఆ చప్పుడు తన పనికి అడ్డమని బాబాయి గది తలుపు మూసుకుని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. నాబ్ బిగించి పెట్టె ఆన్ చేశాడు. నీలం దీపం వెలిగింది. దీపం వెలిగిందంటే పెట్టె, ల్యాప్‌టాప్ ఒకదానికొకటి అందినట్టే. వేదిక మీద కాళ్లకు తీగ తగలకూడదని నిన్న సాయంత్రమే తీగ పీకేసి, తన ల్యాప్‌టాప్‌కు సంకేతాలు గాలిలో పంపే ఏర్పాటు చేశాడు. అది ఎంత చక్కగా పనిచేస్తోందో ఆయనకు తెలియదు. ఎదురుగా ఉన్న ల్యాప్‌టాప్ మాత్రం మూగగా చూస్తోంది.

వేగం నాబ్ కొంచెం తిప్పాడు. ఏమీ లేదు. ఇంకొంచెం తిప్పాడు. ఊహూఁ. సోల్డరింగ్ సరిగ్గా అతకలేదేమోనని వేడి కడ్డీ పెట్టి మళ్లీ అతికించి, ఈసారి నాబ్‌ను చివరిదాకా తిప్పాడు.

హాల్లో ఏం జరిగిందో ఆయనకు తర్వాత తెలిసింది. తాపీగా లెక్కపెడుతున్న టీచరమ్మ గొంతు ఉన్నట్టుండి పరుగందుకుంది. ముందు వరసలో కూర్చునే రిటైర్డ్ స్టేషన్ మాస్టరుగారికి ప్రాణం లేచొచ్చింది. ఈ క్లాసు మరీ గూడ్సు బండిలా నడుస్తోందని ఆయన చాలాకాలంగా సణుగుతున్నారు. తన మాట మన్నించారనుకుని చేతులు టపటపా ఎత్తి దించసాగారు. పక్క కుర్చీలో ఉన్న మూడో అంతస్తు మామ్మగారికి ఆయనంటే పడదు. ఆయనే టీచరమ్మకు చెప్పి తనను అలసగొట్టడానికి ఈ ఏర్పాటు చేయించాడని తీర్మానించుకుని, పంతానికి ఆయన కంటే వేగంగా చేతులు ఆడించారు. వెనక వరస వాళ్లు వీళ్లిద్దరినీ చూసి, ఇదే పద్ధతి కాబోలని అందుకున్నారు. ఆపండి ఆపండి అని టీచరమ్మ అంటూనే ఉంది, ఆమె గొంతే స్పీకర్లోంచి కానివ్వండి కానివ్వండి అన్నట్టు తరుముతోంది.

గదిలో బాబాయి విసుగొచ్చి నాబ్‌ను ఇటు చివరికి తిప్పేశాడు. హాల్లో "ఒకటి" తర్వాత "రెండు" రావడం ఆగిపోయింది. అందరి చేతులూ పైకి లేచి ఉన్నాయి, దించమనే అంకె రాదు. ఇది మామ్మగారు వెనకనుంచి నడిపిన వ్యవహారమని స్టేషన్ మాస్టరుగారు అన్నారు. చేతులు దించిన వాళ్లే ఓడినట్టని మామ్మగారు అన్నారు. ఎవరూ దించలేదు. టీచరమ్మ వచ్చి గది తలుపు తట్టింది.

"ఏమండీ, స్పీకరు పాడైనట్టుంది, ఒకసారి చూస్తారా? నా గొంతు పరిగెడుతోంది, ఆగిపోతోంది. ఏంటో అర్థం కావట్లేదు."

బాబాయి ఒక చెవి మీది హెడ్‌ఫోను పక్కకు జరిపాడు. "నాకసలు గొంతే రావట్లేదు. నీకు వస్తోందిగా, అదృష్టవంతురాలివి. నన్ను కదిలించకు, పదకొండవుతోంది."

ఆమె తల పట్టుకుని వెళ్లిపోయింది. ఆయన కాలుగాలిన పిల్లిలా గదిలో నాలుగడుగులు అటూ ఇటూ తిరిగి, తప్పు వేగం నాబ్ ఒక్కదానిలోనే కాదేమోనని, దాన్ని ఒక చేత్తో అటూ ఇటూ తిప్పుతూనే రెండో చేత్తో గొంతు నాబ్ పట్టుకున్నాడు. హాల్లో టీచరమ్మ గొంతు దిగి దిగి లారీ డ్రైవరు గొంతయింది, మళ్లీ ఎక్కి ఎక్కి పసిపాపదయింది. వెనక వరసలో ఒకాయన లేచి, అమ్మాయికి జలుబు చేసినట్టుందని నీళ్లు వేడిచేయడానికి వంటగదిలోకి వెళ్లారు.

సరిగ్గా అప్పుడే కీబోర్డు కళాకారుడు వచ్చాడు. తలుపు తీసే ఉంది. లోపల పెద్దవాళ్లంతా ఒక చిత్రమైన తాళానికి చేతులు లేపుతూ, ఆపుతూ, దడదడలాడిస్తూ కనిపించారు. ఒక్కరూ తప్పడం లేదు. ఏదో నృత్య బృందం సాధన చేస్తోందనుకున్నాడు. వేగం అలా ఎక్కించి దించడం మామూలు చేతికి సాధ్యం కాదు, ఎవరో పెద్ద విద్వాంసుడు తెర వెనక ఉన్నాడనుకుని చెప్పులు బయటే విడిచి ఒక మూల భక్తిగా నిలబడ్డాడు.

పదకొండయింది. బాబాయి ఇక చేతులెత్తేశాడు. గడ్డం గీసుకోలేదు, చొక్కా మార్చలేదు. ఉన్నమాట చెప్పేసి పంపించేద్దామని పెట్టెను పొట్టకు ఆనించుకుని హాల్లోకి వచ్చాడు. మూలన నిలబడ్డ అతిథిని చూసి నేరుగా అతని దగ్గరికి నడిచాడు.

"మిమ్మల్ని అనవసరంగా రప్పించాను. ఇది పనిచెయ్యట్లేదు. చూడండి, ఈ నాబ్ ఇలా తిప్పితే ఏమీ జరగదు," అంటూ తిప్పి చూపించాడు.

స్పీకరు పరుగందుకుంది. హాల్లో ఉన్న చేతులన్నీ రెక్కల్లా కొట్టుకున్నాయి. బాబాయి ఉలిక్కిపడి నాబ్ వెనక్కి తిప్పాడు. చేతులన్నీ గాలిలో ఆగిపోయాయి. ఆయన నాబ్ వైపు చూశాడు, చేతుల వైపు చూశాడు, బల్ల మీది ల్యాప్‌టాప్ వైపు చూశాడు. టీచరమ్మ కూడా అదే వరసలో చూసి, చివర ఆయన వైపు చూసింది. ఆ చూపుకు ఆయన నాబ్‌ను మధ్యకు తెచ్చాడు. "రెండు" అంది స్పీకరు. అందరూ హమ్మయ్యా అని చేతులు దించారు.

తర్వాత జరిగింది తిట్ల పర్వం కావలసింది, కాలేదు. ఇంత చురుగ్గా చేతులు ఆడి ఎన్నేళ్లయిందోనని మామ్మగారు అన్నారు. రేపు కాళ్లకు కూడా ఇదే పెట్టమని స్టేషన్ మాస్టరుగారు అన్నారు. ఇద్దరూ ఒకే మాట మీద ఉండటం అంతవరకు క్లాసులో ఎవరూ చూడలేదు. కళాకారుడు పెట్టెను రెండు చేతులా తీసుకుని ఒక్కో నాబ్ తిప్పి చూశాడు, ముఖం విప్పారింది. సాయంత్రమే కార్యక్రమం ఉందని, దీన్ని ఇప్పుడే తీసుకెళతానని అన్నాడు.

టీచరమ్మకు ఒక్క క్షణం దిగులేసింది, ఆ వెంటనే భర్త ముఖం చూసి అది కాస్తా కరిగిపోయింది. ఇన్నేళ్లలో ఆ ముఖంలో అంత వెలుగు ఆమె చూడలేదు.

"సరే, మాట మాటే. గది మీదే," అంది.

బాబాయికి కళ్లు చెమర్చాయి. కళాకారుడు ఆయన దగ్గరికి వంగి, చెవిలో ఏదో మెల్లగా చెప్పి, భుజం తట్టి, కిందనున్న కారులోంచి పెట్టెకు సరిపడే సంచి తెస్తానని వెళ్లాడు. క్లాసు వాళ్లు ఒక్కొక్కరే సెలవు తీసుకున్నారు. బాబాయి పెట్టెను తుడిచి ఇస్తానని గదిలోకి పట్టుకెళ్లాడు.

కళాకారుడు సంచితో తిరిగొచ్చేసరికి మూత ఒక పక్క, నాబులు ఒక పక్క, పేగుల్లా తీగలు బల్లంతా పరుచుకుని ఉన్నాయి. బాబాయి సోల్డరింగ్ కడ్డీ పట్టుకుని, ఒక్క అయిదు నిమిషాలు కూర్చోమన్నాడు. అతను కూర్చున్నాడు. టీ తాగాడు. ఇంకోసారి టీ తాగాడు. కార్యక్రమానికి వేళవుతోందని, పెట్టె సిద్ధమయ్యాక కబురు చెయ్యమని, ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రానికి చాపలు, కర్రలు, కుర్చీలు చిన్న గదిలో చేరాయి. మాట మాటే కదా. బాబాయి నిచ్చెన మీద నిలబడి తీగల డబ్బాలు అటక మీదికి చేరవేస్తున్నాడు. నిచ్చెన పట్టుకున్న టీచరమ్మకు గెలిచిన సంతోషం ఏ కోశానా లేదు. గది ఆయనకు ఇచ్చేసినప్పుడే తనకు బాగుండిందని ఆమెకు తెలుస్తోంది, అందుకే కళాకారుడి మీద కోపం పొంగుకొచ్చింది.

"పోనీ, తీసుకెళ్లాక తీరిగ్గా చెప్పొచ్చుగా. చెవిలో అంత అర్జెంటుగా ఏం మార్చమన్నాడండీ?"

బాబాయి డబ్బాను అటక లోపలికంటా తోసి, కిందికి చూడకుండానే జవాబిచ్చాడు.

"ఏమీ మార్చొద్దన్నాడు."