ఒక పూట వేరుకాపురం

ఆ ఉదయం వాళ్ళు వేసుకున్న పథకం చాలా చిన్నది. కరెంటు సాయం ఆఫీసు నుంచి తనిఖీకి ఒకావిడ వస్తుంది. ఆవిడ వచ్చేసరికి ఆ ఇంట్లో మామా కోడళ్ళు వేరువేరుగా వండుకుంటూ కనబడాలి. ఆవిడ అటు వెళ్ళగానే మళ్ళీ కలిసిపోవాలి. టీ చల్లారేలోపు అయిపోయే పని అని హామీ ఇచ్చింది పైవాటాలో ఉండే పథకాల పిన్ని.

ఆమెకి ఆ పేరు ఊరికే రాలేదు. ఏ ఆఫీసు ఎవరికి ఏమిస్తుందో, ఏ కిటికీ దగ్గర ఏం అడుగుతారో ఆమెకి కంఠతా వచ్చు. ముందురోజు సాయంత్రం మెట్ల మీద కూర్చుని, వేళ్ళు మడుస్తూ మామగారికి బోధించింది.

"చూడండి అన్నయ్యగారూ, కుటుంబం అంటే ఒక్కో ఆఫీసుకి ఒక్కో అర్థం. ఆస్పత్రివాళ్ళకి రక్తం ఒకటైతేనే కుటుంబం. పింఛనువాళ్ళకి మొగుడూ పెళ్ళామే కుటుంబం. తిండి కార్డువాళ్ళకి పొయ్యి ఒకటైతే కుటుంబం. ఈ కరెంటువాళ్ళున్నారే, ఇంటికప్పు ఒకటైతే చాలు, అందర్నీ ఒకే గాటన కట్టేస్తారు. మీ పింఛనూ, అమ్మాయి కుట్టుపని మీద తెచ్చేదీ కలిపితే మీరు వాళ్ళ హద్దు దాటిపోతారు. అదే పొయ్యిలు రెండని చూపించారనుకోండి, కప్పు ఒకటైనా ఎవరి లెక్క వాళ్ళది. ఇద్దరికీ వస్తుంది."

"అంటే ఆస్పత్రివాళ్ళ లెక్కలో నా కోడలు నాకేమీ కాదా?"

"కాదు. తిండివాళ్ళ లెక్కలో అవుతుంది."

"నయం," అన్నాడాయన.

ఆయన ఉద్యోగమంతా ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దడంతోనే గడిచింది. వీధిలో అందరూ ప్రూఫు తాతగారంటారు. ఏ మాటనీ ఉన్నదానికన్నా పెంచడు, తగ్గించడు. అబద్ధమైతే అసలే చెప్పడు. అందుకని కోడలి దగ్గర ఒక షరతు పెట్టాడు.

"నాటకాలు నావల్ల కావమ్మాయ్. వేరు అని చెప్పాలంటే నిజంగానే వేరుపడాలి. రేపు పొద్దున నీ వంట నీది, నా వంట నాది."

"మీకు నీళ్ళు కాచడం కూడా రాదు కదా మామయ్యా!"

"నేర్చుకుంటాను."

"అయితే ఒక పూట వేరుకాపురమన్నమాట," అని కోడలు నవ్వింది.

ఆమె నవ్వి చాలాకాలమైంది. ఆయన కొడుకు పోయి ఏడాది దాటింది. ఆ సంగతి ఇంట్లో ఇద్దరూ ఎత్తరు. హీటరు గురించి మాత్రం రోజూ మాట్లాడుకుంటారు. ఆయన ఛాతీకి చలి పడదని ఆమె హీటరు వేస్తుంది. ఆమె అటు తిరగ్గానే బిల్లు తలుచుకుని ఆయన కట్టేస్తాడు. ఆమె వచ్చి మళ్ళీ వేస్తుంది. చలి ముదిరేకొద్దీ దగ్గూ పెరిగింది, ఈ ఆటా పెరిగింది. అందుకే కరెంటు సాయం కావలసివచ్చింది. ఆయనకి ఇంకో భయం కూడా ఉంది కానీ అది ఎవరికీ చెప్పలేదు. ఒక్క తిండి కార్డు తప్పిస్తే ఈ అమ్మాయిని ఈ ఇంటితో ముడివేసేది ఇప్పుడేదీ లేదు. ఉండాలనుకుంటోంది కాబట్టి ఉంటోంది. ఎప్పుడైనా వెళ్ళొచ్చు.

తెల్లవారగానే అటక మీది చిన్న పొయ్యి దింపారు. విహారాలకి పనికొస్తుందని కొడుకు కొన్నది. ఒక్కసారే వెలిగింది. కోడలు దాని దుమ్ము తుడిచింది. తుడవవలసినదానికంటే కాస్త ఎక్కువసేపే తుడిచింది. తర్వాత వంటగది మధ్యలో తాడు కట్టి ఒక దుప్పటి వేలాడదీసింది. అటు ఆమె, ఇటు ఆయన. ఆమె తన గిన్నె పెద్ద పొయ్యి మీద పెట్టి, మంట తగ్గించి, కుట్టిన బట్టలు దుకాణంలో ఇచ్చి వస్తానని వెళ్ళింది.

ఆయన బంగాళాదుంపల పని పట్టాడు. అచ్చుతప్పులు ఏరినట్టు ఒక్కో మచ్చా ఏరుతూ చెక్కేసరికి దుంపలు గోలీలంత మిగిలాయి. కారం రెండు చెంచాలు వేసి, చాలదేమోనని మూడోది కూడా వేశాడు. ఘాటుకి దగ్గు ముంచుకొచ్చి వీధి తలుపు తెరిచాడు. ఎదురుగా పాలతను.

"ఏంటి తాతగారూ, ఇల్లు తగలెడుతున్నారా? అక్క లేదా?"

"వంట చేస్తున్నాను. మేం వేరుపడ్డాం, ఈ పూటకి, కరెంటు ఆఫీసు కోసం."

ఆయన ప్రతి కామా దగ్గరా ఆగి మాట్లాడే మనిషి. పాలతను మొదటి కామా దగ్గరే మెట్లు దిగిపోయాడు.

పక్కవీధిలో అతను పాలు పోసే ఇళ్ళలో కోడలి అన్న ఇల్లు ఒకటి. దుంపలు ఉడికేలోపే ఆ అన్న తన సామాన్ల వ్యానుతో సహా వచ్చి వాలాడు.

"ఏం మామయ్యగారూ, మా చెల్లి మీకు బరువైపోయిందా?"

"బరువా? ఎవరన్నారు?"

"ముందు ఇది చెప్పండి. వేరుపడ్డారా, లేదా?"

ఆయన ఆలోచించాడు. "పడ్డాం. కానీ నువ్వు పూర్తిగా వింటే..."

"ఇంకా వినేదేముంది? దుప్పటి కనబడుతూనే ఉందిగా!" అన్న నేరుగా వెళ్ళి కుట్టుమిషను ఎత్తాడు. "మా ఆవిడ గది కూడా సర్దేసింది. ఎప్పట్నుంచో రమ్మంటున్నాం. అడిగినప్పుడల్లా చూద్దాంలే, చూద్దాంలే అంటూ వచ్చింది."

చూద్దాంలే అన్న మాట దగ్గర ఆయన ఆగిపోయాడు. చూద్దాంలే అంటే రానని కాదు. రేపో మాపో అని. నిన్నటి నవ్వు గుర్తొచ్చింది. అదెందుకో ఇప్పుడు అర్థమైందనుకున్నాడు. ఇక ఏమీ వివరించలేదు. లోపలికి వెళ్ళి తన శాలువా తెచ్చి మిషను చక్రానికి చుట్టాడు.

"ఆ చక్రం గోడకి తగలనివ్వకు. నూనె డబ్బా మర్చిపోకు. మెల్లగా, మెల్లగా," అంటూ తానూ ఒక చెయ్యి వేశాడు.

మిషను మెట్ల మీద సగంలో ఉండగా కోడలు వచ్చింది. పైన మామగారు, కింద అన్న, మధ్యలో తన మిషను.

"ఎక్కడికన్నయ్యా ఇది?"

"మనింటికే. మామయ్యగారే సాయం పడుతున్నారు, చూశావుగా."

ఆమె మామగారి వైపు చూసింది. ఆయన శాలువా ముడి వైపు చూశాడు. వద్దు అని ఆయన అంటాడేమోనని ఆమె, వెళ్ళను అని ఆమె అంటుందేమోనని ఆయన, ఇద్దరూ చాలా మర్యాదగా ఎదురుచూశారు.

"సరే. జాగ్రత్తగా పట్టుకో," అంది ఆమె చివరికి, అన్నతో.

పైవాటా నుంచి పథకాల పిన్ని తొంగిచూసి మురిసిపోయింది. "భలే! అచ్చం నిజంగా విడిపోయినట్టే ఉంది! వ్యాను కూడా తెప్పించారా? ఈ ఎత్తు నాక్కూడా తట్టలేదు సుమండీ!"

అంతలో కింద నుంచి ఒక గొంతు వినిపించింది. "కాస్త దారిస్తారా? కరెంటు సాయం ఆఫీసు నుంచి." భుజాన బరువైన సంచీ, ఒక చెయ్యి మోకాలి మీద. తనిఖీ ఆవిడ మిషను పక్కనుంచి ఒదిగి పైకి వచ్చి, ఆయాసం తీర్చుకుని అడిగింది. "ఇక్కడ ఉండేది ఒక కుటుంబమా, రెండా?"

"రెండు!" అంది పిన్ని.

"రెండే," అన్నాడు అన్న. "పొయ్యిలు కూడా రెండు."

ఆవిడ నిట్టూర్చింది. "అయ్యో! మామా కోడళ్ళిద్దరి పేర్ల మీదా కలిపి తిండి కార్డు ఉంది కదా. తిండి కార్డు ఉన్న కుటుంబానికి కరెంటు సాయం దానంతటదే వస్తుంది. సంపాదనెంతని మేం అడగనే అడగం. ఒక సంతకం పెట్టించుకుని పోదామని వచ్చాను. రెండు కుటుంబాలంటే ఆ కార్డే చెల్లదు. అదీ పోతుంది, ఇదీ రాదు. ఎవరికివారు మళ్ళీ మొదట్నుంచి పెట్టుకునేసరికి చలికాలం కాస్తా అయిపోతుంది."



"మా ఇంట్లో పాలు పొంగుతున్నట్టున్నాయి," అని పిన్ని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

"పోనీ, ఒకటే అని రాసుకోండి," అన్నాడు అన్న, మిషను కింద చెమటలు కక్కుతూ.

"ఇప్పుడే కదండీ రెండన్నారు! మీరు చెప్పండి పెద్దాయనా."

ఒకటే అంటే చాలు. ఆయన నోరు తెరిచాడు. కానీ వెళ్ళిపోదామనుకుంటున్న మనిషిని హీటరు కోసం కట్టేసుకోవడం ఆయనకి చేతకాలేదు.

"పొద్దుటి నుంచి వేరే," అన్నాడు. "ఇకముందు సంగతి ఆ అమ్మాయిని అడగాలి."

"నన్నెవరైనా అడిగితే కదా!" అంది కోడలు. ఆమె గొంతు అంత గట్టిగా ఆ మెట్ల మీద ఎప్పుడూ వినబడలేదు.

అప్పుడే మాడు వాసన గుప్పుమంది. అన్న మిషనుతో మెట్ల మీదే ఉండిపోయాడు. మిగతా ముగ్గురూ వంటగదిలోకి పరుగెత్తారు. తనిఖీ ఆవిడ ముందు చిన్న పొయ్యి ఆర్పింది. ఉద్యోగధర్మంగా గరిటెతో కాస్త తీసి రుచి చూసింది. కళ్ళవెంట నీళ్ళు కారాయి.

"ఈ వయసులో ఇంత కారమా?"

"నాకు కాదు," అన్నాడాయన. "ఆ అమ్మాయికి కారం ఇష్టం. మిషను ముందు కూర్చుంటే తిండి మర్చిపోతుంది. ఇష్టమైనది ఉంటే లేస్తుందేమోనని."

ఆవిడ దుప్పటి తప్పించుకుని పెద్ద పొయ్యి దగ్గరికి వెళ్ళింది. మూత తీసి, రుచి చూసి, మొహం చిట్లించింది. "ఇందులో ఉప్పే లేదు!"

"మామయ్యకి పడదు," అంది కోడలు. "ఆయన వండుకున్నది ఆయన తినలేరని నాకు తెలుసు కదా."

"మరి మీకు మీరేం వండుకున్నారు?"

కోడలు గిన్నె మీద మూత పెట్టేసింది.

ఆవిడ ఆ గిన్నె వైపూ, ఈ బాణలి వైపూ, మధ్యలో దుప్పటి వైపూ చూసింది. "వేరుపడటం మీకు రాదండీ," అని సంచీలోంచి కాగితం తీసింది.

కోడలు మామగారి వైపు తిరిగింది. "మిషను ఎందుకు మోశారు?"

"మీ వదిన పిలిస్తే చూద్దాంలే అన్నావట."

"రాను అంటే వదిన నొచ్చుకుంటుందని అలా అన్నాను. ఇన్నేళ్ళు మాటలతో బతికిన మనిషి, మీకు ఆ మాత్రం తెలియలేదా?" అని, మెట్ల వైపు కేకేసింది. "అన్నయ్యా! మిషను వెనక్కి తెచ్చెయ్యి!"

"అమ్మయ్య!" అన్నాడు అన్న మెట్ల మీద నుంచి. ఆ తర్వాత మాడిన దుంపలు చాలామటుకు అతనే తిన్నాడు, ముక్కు చీదుకుంటూ.

తనిఖీ ఆవిడ సంతకం కోసం కాగితం చాపింది. మామగారు కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదివి, ఒకచోట వేలు ఆన్చాడు.

"ఇక్కడ తప్పుంది. 'కుటుంబాలు: ఒకటి' అని ఉంది. ఒకటైనప్పుడు కుటుంబాలు అనకూడదు."

"అది ఆఫీసువాళ్ళు అచ్చు వేయించిందండీ. దిద్దకూడదు."

"దిద్దకపోతే సంతకం పెట్టలేను."

ఆవిడ తన కలం ఇచ్చింది. ఆయన ఆ మాట కొట్టేసి, ప్రెస్సు పద్ధతిలో అంచున 'కుటుంబం' అని రాశాడు. బాగా నెమ్మదిగా రాశాడు. రాశాక, సరిగా ఉందేమో చూడమని కోడలి చేతికిచ్చాడు. ఆమె చదివి, ఉందని తల ఊపింది.

సాయం మంజూరైంది. హీటరు కట్టేసే ఆట ఆగింది. దుప్పటి మంచం మీదికి చేరింది. చిన్న పొయ్యి మాత్రం మళ్ళీ అటక ఎక్కలేదు. రోజూ సాయంత్రం దాని మీదే ఆయన ఇద్దరికీ టీ కాస్తున్నాడు. ఆ మొదటి కామా తర్వాతి సంగతి మాత్రం పాలతనికి ఎవరూ చెప్పలేదు.

వీధివాళ్ళ లెక్కలో వాళ్ళిద్దరూ ఇప్పటికీ వేరుగానే ఉంటున్నారు.