కష్టమర్

బస్టాండు విచారణ కౌంటర్లో ఇరవై ఆరేళ్ళు కూర్చున్న మనిషికి ముఖంలో కాస్త విచారం పేరుకోవడం సహజం. కానీ ఆ రోజు టైంటేబుల్ ముఖంలో ఉన్నది విచారం కాదు, మంట. ఏ ఊరికి ఏ బస్సు ఎన్నింటికో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు కాబట్టి వీధివాళ్ళు పెట్టిన పేరది. ఆ మంటకి కారణం భోజనాల బల్ల మీదున్న లావుపాటి పుస్తకం. దాని మీద ‘పర్యాటకం, ప్రయాణ నిర్వహణ: డిప్లొమా రెండవ సంవత్సరం’ అని ఉంది.

“పర్యాటకమా! ఈ నాటకం ఎన్నాళ్ళ నుంచి?” అని భార్య మీదికి లేచాడు.

“రెండేళ్ళ నుంచి. చేరేటప్పుడు చెప్పాను. పేపరు చదువుతూ ఊఁ అన్నారు.”

“నేను ఊఁ అన్నది పేపరుతో!”

“పేపరు మిమ్మల్ని ఏమడిగిందేం?”

“గైడు చదివి పరీక్ష పాసైనవాళ్ళని చూశాను గానీ, గైడవడానికి పరీక్షేమిటే? ప్రయాణాల గురించి కావాలంటే ఇంట్లో నేను లేనూ?”

“ఉన్నారు. ఎప్పుడూ ఇంట్లోనే ఉన్నారు,” అందావిడ, పుస్తకంలోంచి తలెత్తకుండా.

శనివారం ప్రాక్టికల్ అట. అది పాసైతే ట్రావెల్స్ ఆఫీసులో ఉద్యోగం ఖాయమట. నెలకి పది రోజులు ఊళ్ళ మీదే ఉండాలట.

“పది రోజులా! నా కళ్ళజోడెవరు వెతికిపెడతారు?”

“నెత్తి మీదుంది, తీసుకోండి.”

ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే టైంటేబుల్ పుస్తకం తిరగేశాడు. మధ్యలో పరీక్ష నోటీసు దొరికింది. అభ్యర్థి ఒక బృందాన్ని రోజంతా పాత ఊరు తిప్పి చూపించాలి. పరీక్షాధికారిణి వెనకే నడుస్తూ మార్కులు వేస్తుంది. బృందంలో ఏ ఒక్కరు విసుక్కుని మధ్యలో వెళ్ళిపోయినా అభ్యర్థి ఫెయిల్. ఆ చివరి వాక్యం చదివాక ఆయనకి అన్నం సయించింది.

మర్నాడే శనివారానికి సెలవు చీటీ రాశాడు. శనివారం పొద్దున్నే డ్యూటీకని బయల్దేరి, సందు మలుపులో టోపీ, నల్లకళ్ళద్దాలు, మాస్కు తగిలించుకుని బృందంలో కలిశాడు. ఆ బృందంలో రిటైరైన హెడ్మాస్టరు, ఒక టైలరు, టైలరు అత్తగారు, ఇద్దరు నర్సులు ఉన్నారు. భార్య చేతిలో చిన్న జెండా పట్టుకుని అందరికీ నమస్కారం పెట్టింది. ఆయనకి పెట్టిన నమస్కారం కాస్త పెద్దదే.

గడియారస్తంభం దగ్గర మొదలుపెట్టాడు. “ఇది కట్టి ఎన్నేళ్ళయింది?” అన్నాడు ముక్కుతో.

“నూట పద్దెనిమిది, సార్.”

“నూట పదిహేడని విన్నానే!”

“మీ మాటే నిజమైతే సంతోషం సార్. పాపం, దానికో ఏడాది వయసు తగ్గుతుంది.”

పాత పోస్టాఫీసు ముందు ఎండకి ఎవరు బాధ్యులని నిలదీశాడు. “నీడ అటుపక్క ఉంది సార్, మీకోసమే ఆపి ఉంచాను,” అందావిడ. ఇంట్లో పుస్తకంలోంచి తలెత్తి కూడా తనవైపు చూడని మనిషి సార్, సార్ అంటుంటే ఆయనకి ఒళ్ళు మండిపోయింది. మధ్యాహ్నం భోజనం పొట్లాలు పంచుతూ, “మీది ఉప్పు తక్కువ వేసింది సార్,” అంది.

“నాకు బీపీ అని ఎవరు చెప్పారు?”

“మీ గొంతే చెబుతోంది సార్.”

ఇక లాభం లేదనుకున్నాడు. మూడింటికి మ్యూజియం గుమ్మంలో అడ్డంగా నిలబడి తన బ్రహ్మాస్త్రం వదిలాడు. “నేను పోతున్నాను! ఏ ఊరూ చూడని గైడు మనకేం చూపిస్తుందండీ? ఎన్ని ఊళ్ళు చూసిందో అడగండి ఈవిణ్ణి!”

పరీక్షాధికారిణి పెన్సిలు ఎత్తింది. భార్య జెండా కిందికి దించింది.

“ఒక్క ఊరూ చూడలేదు సార్. పెళ్ళయిన కొత్తలో సముద్రం చూడాలని ఉందని మా ఆయన్ని అడిగాను. బస్సు పొద్దున ఐదూ నలభైకని చెప్పారు. ఏటా అడిగాను, ఏటా టైము చెప్పారు. ఇరవై ఆరేళ్ళయింది. మధ్యలో ఒకసారి ఆరుంబావుకి మార్చారట, అదీ చెప్పారు.”

“ఇదెక్కడి చోద్యమమ్మా! ఎవడా మహానుభావుడు?” అంది టైలరు అత్తగారు.

“మనిషా, గోడకి తగిలించిన బోర్డా?” అన్నాడు హెడ్మాస్టరు.

టైంటేబుల్ కాలు అప్పటికే గడప దాటింది. ఆ రెండో కాలు కూడా దాటించేస్తే పని అయిపోయేది. కానీ పరువు ఇలా నడిబజారున పడి ఉంటే వదిలేసి ఎలా పోతాడు? గిరుక్కున వెనక్కి తిరిగాడు.

“తెలియకుండా మాట్లాడకండి! పాపం, ఆయనకి సెలవు దొరికి ఉండదు!”

“ఇరవై ఆరేళ్ళూనా? మాకే దొరుకుతున్నాయి కదండీ!” అన్నారు నర్సులిద్దరూ ఒకేసారి.

“బాధ్యత గల ఉద్యోగమండీ! ఆయన లేకపోతే బస్టాండు ఆగిపోతుంది!”

“బస్సులు నడిపేది డ్రైవర్లు కాదుటండీ?” అన్నాడు టైలరు నెమ్మదిగా.

టైంటేబుల్ టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. మొన్న సెలవు చీటీ ఇస్తే పై అధికారి నిమిషంలో సంతకం పెట్టి, ‘ఇన్నేళ్ళూ ఎందుకడగలేదయ్యా?’ అన్నాడు. ఆ మాటిప్పుడు గుర్తొచ్చింది. అయినా సరే, ఆ భర్త తరఫున గది గదికీ తిరిగి వాదించాడు. వాదన తెగకముందే ఐదయింది, మ్యూజియం మూసేశారు, పరీక్ష అయిపోయింది. చూసుకుంటే బృందంలో అందరూ ఉన్నారు, ఆయనతో సహా.

పరీక్షాధికారిణి గబగబా వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసింది. “అద్భుతం! ప్రతి అభ్యర్థీ ఒక కష్టమర్ని వెంట తెచ్చుకోవాలని మా నియమం. కస్టమర్ కాదండీ, కష్టమర్. మిగతా వాళ్ళు తమ్ముళ్ళకీ బావలకీ నేర్పించి తెచ్చారు, వాళ్ళు గంటకే నవ్వేశారు. ఇంత సహజంగా సతాయించినవాళ్ళని నేను చూడలేదు. ఎక్కడ పట్టావమ్మా ఈయన్ని?”

“ఇంట్లోనేనండి.”

టైంటేబుల్ మాస్కు లాగేశాడు. “నోటీసులో ఆ ముక్క లేదే!”

“రెండో పేజీ నా హ్యాండ్‌బ్యాగులో ఉందండీ.”

పదిహేను రోజుల్లో ఉద్యోగం వచ్చింది. మొదటి ట్రిప్పు సముద్రానికే, మూడు రోజులు. బయల్దేరే రోజు తెల్లవారుజామున ఆయన తలదువ్వుకుని, చిన్న పెట్టె పట్టుకుని బస్సు దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

“సెలవు పెట్టాను. ఏ సీటు నాది?”

ఆవిడ ఆయన్ని ఒక్క క్షణం చూసింది. కాగితం తిప్పింది. “అన్నీ నిండిపోయాయండీ. వెయిటింగ్‌లో రాసుకుంటాను. మీ ముందు పదకొండు మంది ఉన్నారు.”

“కట్టుకున్న మొగుణ్ణే! నన్ను వెయిటింగ్‌లో పెడతావా?”

“ఏం కాదండీ, అలవాటైపోతుంది,” అంటూ ఆవిడ బస్సెక్కింది. “నాకవ్వలేదూ?”