తాళం వేసిన ఇంటి కరెంటు బిల్లు

ఆ శనివారం అబ్రహాముకి రెస్టు. రైల్వే పార్శిల్ ఆఫీసులో గుమాస్తాకి వారానికొక్కటే దొరికే ఆ రెస్టులో అతను పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, గుణదల సెంటరు దాకా నడిచి వెళ్ళి తోటకూర తేవాలి, భోంచేసి పడుకోవాలి. గేటు దాటకముందే పోస్ట్‌మాన్ ఎదురొచ్చి కువైటు ఉత్తరం చేతిలో పెట్టాడు. తోటకూర సంగతి అక్కడితో సరి.

రాసింది బావమరిది జాన్‌బాబు. మూడేళ్ళ కిందట అతను అబ్రహాము ఇంటిని ఆనుకునే తనకూ ఓ ఇల్లు కట్టుకుని, దానికి తాళం వేసి, చెవి బావగారి చేతిలో పెట్టి, కువైటుకి స్టోర్‌కీపరుగా వెళ్ళాడు. అప్పట్నుంచీ రెండిళ్ళ కరెంటు బిల్లులూ అబ్రహామే కడుతున్నాడు. జాన్‌బాబు పంపే డబ్బులోంచి అతని బిల్లు కట్టి, రసీదులన్నీ ఏడాదికోసారి కవర్లో పెట్టి పంపించేవాడు. కువైటులో సంపాదించేవాడి ఇంటికి బిల్లు కాస్త ఎక్కువ రావడం సహజమే అనుకున్నాడు తప్ప, అంతకుమించి ఆలోచించలేదు.

"బావగారికి నమస్కారాలు. ఇక్కడ నా గదిలో ఏసీ పగలూ రాత్రీ ఆడుతుంది. అయినా నెల బిల్లు మన డబ్బుల్లో పదకొండు రూపాయలు దాటదు. మీరు పంపిన రసీదులు నిన్న తీరిగ్గా చూశాను. గుణదలలో తాళం వేసి ఉన్న నా ఇంటికి నెలకి ముప్ఫై ఎనిమిది వస్తోంది. నా ఇంట్లో ఎవరు కాపురం ఉంటున్నారు బావగారూ? మీకు కుదరకపోతే తాళంచెవి హనుమాన్ జంక్షన్‌లో మా చిన్నాన్నకి ఇచ్చేయండి. ఆయన చూసుకుంటాడు."

ఆఖరి మాటలకి అబ్రహాముకి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క పార్శిల్ కూడా పోగొట్టని మనిషి! అతన్ని నమ్మక తాళంచెవి హనుమాన్ జంక్షన్ పంపించమంటాడా?

"తెరేసా! మీ తమ్ముడు నన్ను దొంగంటున్నాడు!" అని వంటింట్లోకి కేకేశాడు.

తెరేసమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఉత్తరం చదివింది. "వాడు అంత మాట ఎక్కడన్నాడండీ? ఊరికే అడిగాడు."

"నేను కరెంటాఫీసుకి పోతాను. ఇంజినీరుని ఇంటికి తీసుకొచ్చి తేలుస్తాను."

"కరెంటువాళ్ళని ఇంటిదాకా తేవడం ఎందుకండీ?" అంది తెరేసమ్మ కంగారుగా. "చెవి చిన్నాన్నకిచ్చేస్తే పోలా? మనకెందుకొచ్చిన గోల!"

అబ్రహాము వినే స్థితిలో లేడు. కరెంటు పేరు చెప్పి అతన్ని వేలెత్తి చూపడమంటే మామూలు విషయం కాదు. ఆ వీధిలో కరెంటు పొదుపు అంటే అబ్రహాము, అబ్రహాము అంటే కరెంటు పొదుపు. గదికీ గదికీ మధ్య గోడకి కన్నం కొట్టించి, అందులో ఒక్క బల్బు పెట్టి రెండు గదులకి వెలుతురిచ్చిన మేధావి అతను. పేపరు వీధి దీపం కింద చదివేవాడు. ఫ్యాను చుట్టాలొస్తేనే తిరిగేది, అదీ వరస చూసి. వియ్యాలవారికి మూడు మీద, బావమరుదులకి రెండు మీద, అప్పు అడగడానికొచ్చినవాళ్ళకి అసలు లేదు. అందుకే అతని బిల్లు మూడేళ్ళుగా మినిమం ఛార్జీ నాలుగున్నర దాటి ఒక్క పైసా ఎరగదు.

ఎదురింటి శౌరమ్మ ఆ కేకలు విని వచ్చింది. ఆవిడ కూతురు ఎలిజబెత్ కూడా కువైటులోనే నర్సు. ఉత్తరం సంగతి విని ఆవిడ ముక్కున వేలేసుకుంది. "అన్నయ్యగారూ, మా అమ్మాయి వెళ్ళిన దగ్గర్నుంచే మా బిల్లూ పెరిగింది! ఫారిన్‌లో ఉన్నవాళ్ళ ఇళ్ళకి వేరే రేటు పెట్టుంటారు. ఇబ్రహీంపట్నంలో అంత పెద్ద థర్మల్ స్టేషను కడుతున్నారంటే డబ్బులు ఊరికే వస్తాయా?" ఎలిజబెత్ పంపిన టేబులు ఫ్యాను సంగతి ఆ క్షణంలో ఆవిడకి తట్టలేదు.

అలా శనివారం పదిన్నరకి ఫారిన్ రేటు పుట్టింది. ఆదివారం చర్చిలో పూజ అయ్యేసరికి అది యూనిట్‌కి రూపాయి పావలా అయింది. సాయంత్రానికి దుబాయికి ఒక రేటు, కువైటుకి ఒక రేటు అని తేలింది. సోమవారం పొద్దున అబ్రహాము రెండ్రోజులు సెలవు పెట్టి బయల్దేరేసరికి వెనక పదిహేడు కుటుంబాల వాళ్ళున్నారు. చేతిలో అర్జీ ఉంది. అందులో మూడే కోర్కెలు. ఒకటి, ఫారిన్ రేటు రద్దు చెయ్యాలి. రెండు, పాత డబ్బు వాపసివ్వాలి. మూడోది అబ్రహాము సొంతంగా చేర్చింది. రేటు కాక ఒకవేళ ఎవరైనా కరెంటు దొంగిలిస్తున్నట్టు తేలితే, వాడి దగ్గర రెట్టింపు వసూలు చేసి, వాడి పేరు ఆఫీసు నోటీసు బోర్డు మీద పెద్దక్షరాలతో అంటించాలి. దార్లో పోస్టాఫీసులో ఆగి, దొంగని పట్టేదాకా నిద్రపోనని జాన్‌బాబుకి టెలిగ్రాం కూడా కొట్టాడు.

ఇంజినీరు రామకోటేశ్వరరావు కుర్రవాడు, ఓపికస్తుడు. అర్జీ పూర్తిగా చదివాడు. "అలాంటి రేటేమీ లేదండీ. ఇంటాయన కువైటులో ఉన్నా కొండపల్లిలో ఉన్నా యూనిట్ యూనిట్టే. తాళం వేసిన ఇంటికి మినిమం ఛార్జీ మాత్రమే పడుతుంది. అంతకన్నా ఎక్కువ వచ్చిందంటే ఎవరో వాడుతున్నారన్నమాట."

"చూశారా! దొంగే!" అని అబ్రహాము బల్ల గుద్దాడు. పనిలో పనిగా జేబులోంచి తన బిల్లు తీసి ఇంజినీరు ముందు పరిచాడు. "కరెంటు వాడితే ఇలా వాడాలండీ."

ఇంజినీరు బిల్లు తిప్పి చూశాడు. "ఇది మనుషులున్న ఇల్లేనా? ఇలాంటివాళ్ళు ఊరికి వందమంది ఉంటే ఆ ఇబ్రహీంపట్నం స్టేషను కట్టక్కర్లేదండీ!" అన్నాడు. అబ్రహాము ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మంగళవారం పదకొండింటికి జీపు వచ్చింది. వీధి వీధంతా అబ్రహాము వరండా ముందు చేరింది. వరండా గోడ మీద రెండు మీటర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని కింద అబ్రహాము అనీ, ఇంకోదాని కింద జాన్‌బాబు అనీ అబ్రహాము స్వహస్తాలతో రాసిన తెల్లరంగు పేర్లున్నాయి. ఇంజినీరు వచ్చాడని అతను ఇంట్లో ఫ్యాను ఏకంగా అయిదు మీద పెట్టాడు. "తెరేసా, ఇంజినీరుగారికి కాఫీ! తొందరగా!" అని లోపలికి కేకేశాడు.

జాన్‌బాబు మీటరులో చక్రం గిర్రున తిరుగుతోంది. "తిరుగుతోంది! తిరుగుతోంది!" అని జనం అరిచారు. తాళం తీసి చూస్తే లోపల బూజు తప్ప ఏమీ లేదు. ఒక్క స్విచ్చీ వేసి లేదు.

"చూశారా సార్! గోడలోంచి లాగుతున్నాడు!" అన్నాడు అబ్రహాము.

"ఈ మీటరు ఫ్యూజు పీకితే సరి," అన్నాడు ఇంజినీరు. "ఎవరింట్లో కరెంటు పోతే వాళ్ళే."

ఆ ఫ్యూజు తానే పీకుతానని అబ్రహాము పట్టుబట్టాడు. స్టూలెక్కి జనం వైపు తిరిగాడు. "దొంగ ఎవరైనా సరే, నాకు ఎంత కావలసినవాడైనా సరే, వదిలేది లేదు!" అని ఫ్యూజు లాగాడు.

అబ్రహాము ఇంట్లో ఫ్యాను ఆగింది. రేడియోలో వంకాయ కూర చెబుతున్నావిడ మసాలా దగ్గర ఠక్కున ఆగిపోయింది. వంటింట్లోంచి తెరేసమ్మ గొంతు వీధి చివరికి వినబడింది. "ఎవరండీ కరెంటు తీసింది? హీటరు మీద పాలు సగమే కాగాయి!"

"పవర్ కట్టు సార్," అన్నాడు అబ్రహాము.

ఇంజినీరు ఫ్యూజు పెట్టాడు. వంకాయలు ఉడికిపోయాయి. పీకాడు. ఆగిపోయాయి. మళ్ళీ పెట్టేసరికి వీధంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఈ రెండు మీటర్లూ ఇక్కడ పెట్టి వైరింగు చేసినప్పుడు దగ్గరుండి చేయించిందెవరండీ?" అనడిగాడు ఇంజినీరు.

అబ్రహామే. వీధిలో నిలబడి, ఎడమది మాది, కుడిది వాడిది అని అతనే చెప్పాడు. వైరుమాను గోడకి వీపు పెట్టి, వీధి వైపు తిరిగి విన్నాడు. అతని ఎడమ అబ్రహాముకి కుడి. ఒకసారి వెలిగించి చూసుకోండి అని అతనంటే, ఊరికే కరెంటు దండగ అని అబ్రహామే వద్దన్నాడు.

అబ్రహాము ఇంటి లోపలికి వెళ్ళి చూస్తే హీటరు ఉంది. ఇస్త్రీపెట్టె ఉంది. మంచం మీద ఇస్త్రీ చేసిన చీరలు పద్నాలుగున్నాయి, అందులో తొమ్మిది శౌరమ్మవి.

"ఏమే ఇదంతా?" అన్నాడు అబ్రహాము.

"ఒక నెల కిరసనాయిలు దొరక్క భయపడుతూనే హీటరు పెట్టానండీ. బిల్లు పెరగలేదు. రెండో నెల ఇస్త్రీపెట్టె కొన్నాను. అయినా పెరగలేదు. మరియమాత దయ అనుకున్నాను," అంది తెరేసమ్మ కళ్ళొత్తుకుంటూ. "మీరు డ్యూటీకి వెళ్ళాక నలుగురం వాడుకుంటున్నాం. దయ చూపిస్తే వద్దంటామా?"

శౌరమ్మ తన తొమ్మిది చీరలూ ఏరుకుని, ఫారిన్ రేటు ఊసెత్తకుండా వెళ్ళిపోయింది. వెనకే పదిహేడు కుటుంబాలూ కరిగిపోయాయి. అబ్రహాముకి సిగ్గుతో తల వాలిపోయింది. మూడేళ్ళుగా తాను గర్వపడింది తాళం వేసిన ఇంటి పొదుపు చూసి! తన కాపురం కరెంటేమో బావమరిది జీతంలోంచి వెళ్ళింది.

రామకోటేశ్వరరావు సగం కాగిన పాలతో కాఫీ తాగి, జేబులోంచి అర్జీ తీశాడు. "మరి మూడో కోర్కె సంగతి ఏం చెయ్యమంటారు?"

"అదోసారి ఇటిస్తారా, సంతకం సరిగ్గా పడలేదు," అని అబ్రహాము ఆ కాగితం తీసుకున్నాడు. మళ్ళీ ఇవ్వలేదు.

మధ్యాహ్నం భోజనం మానేసి కూర్చుని కువైటుకి ఉత్తరం రాశాడు. నాలుగు కాగితాలు చింపాక, అయిదోది కుదిరింది.

"చిరంజీవి జాన్‌బాబుకి. దొంగ దొరికాడు. పరువుగల కుటుంబం, పేరు అడగవద్దు. ప్రతి పైసా నెలనెలా నేనే దగ్గరుండి వసూలు చేసి పంపుతాను. ఇక్కడి మనుషుల సంగతి తెలిసింది కాబట్టి తాళంచెవి ఎవరికీ ఇవ్వడం లేదు. వాడు చాలా కుమిలిపోతుంటే చూడలేక, నీ తరఫున నేనే క్షమించేశాను."