మౌని కూత, మా ఆవిడ గురక

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెవులు ఎర్రబడతాయి.

జపాన్‌లో మా తొయొహాషి ఊళ్ళో కౌజు పిట్టల గుడ్లు దొరకని అంగడి లేదు. అంగడి గుడ్లలో కూడా ఎప్పుడో ఒకటి పిల్లవుతుందని ఎవరో అన్నారు. నేను రిటైరై మూడు వారాలైంది. పనిలేని మగాడికి ఆ మాట చాలదూ?

మా బిల్డింగ్‌లో జంతువుల్నీ పిట్టల్నీ పెంచకూడదని రూలు. మా ఆవిడ చిజురుకి రూలంటే ప్రాణం. అందుకని పొదిగే పెట్టెని పరుపుల అల్మరాలో దూర్చి, పెరుగు తోడుపెట్టే మిషనని చెప్పాను.

"ఎప్పటికి తోడుకుంటుందండీ?"

"పదిహేడు రోజులు."

"గట్టి పెరుగే," అని వెళ్ళిపోయింది.

పదిహేడో రోజున పెట్టె కిచకిచమంది. పది గుడ్లకి రెండు పిల్లలు, బొటనవేలంత. మా అబ్బాయి పుట్టినప్పుడు ఆఫీసులో ఉన్నాను. వీటి పుట్టుకకి మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను.

ఒకటి నెలంతా కిక్కురుమనలేదు. దానికి 'మౌని' అని పేరు పెట్టాను. ఆరో వారంలో ఓ పొద్దున్నే మౌని నోరు విప్పాడు.

"గ్వాక్... క్ర్ర్ర్ర్!"

గుప్పెడు పిట్టకి గంగాళమంత గొంతు!

మా బిల్డింగ్ ఓనరు ఇగరాషి గారికి మూడో అంతస్తులో సూది పడ్డా కింద వినబడుతుంది. మేం చాటుగా 'చెవుల పిన్ని' అంటాం. మర్నాడు మెట్ల దగ్గర పట్టుకుంది.

"యసుతారో గారూ, పొద్దున్నే మీ ఇంట్లో ఏమిటా చప్పుడు?"

నిజం చెబుదామనే అనుకున్నాను. నోరు నాకంటే ముందే బయల్దేరింది.

"మా ఆవిడ గురకండీ. వయసు కదా, పాపం."

వారం తిరిగేసరికి బిల్డింగంతా మా ఆవిడ మీద జాలిపడింది. ఒకరు దిండు, ఒకరు తేనెలో ఊరిన ముల్లంగి, ఇంకొకరు ముక్కు డాక్టరు అడ్రసు. చిజురు ప్రతి ఒక్కరికీ నడుం వంచి, "మీకు ఇబ్బంది కలిగిస్తున్నాను, మన్నించండి" అంది. నన్ను ఒక్క మాట అడగలేదు. నేను పేపరు వెనక దాక్కున్నాను.

ఓ ఆదివారం పొద్దున ఇగరాషి గారు మా ఇంటికొచ్చింది. ముగ్గురం టీ తాగుతున్నాం. అల్మరా లోంచి, "గ్వాక్... క్ర్ర్ర్ర్!"

ఇగరాషి గారు కప్పు దించింది. "చిజురు గారూ, మెలకువగా ఉన్నా గురక వస్తుందా?"

"ఆయన్నడగండి. నా గురక సంగతి నాకంటే ఆయనకే తెలుసు."

ఇగరాషి గారు నా వైపు తిరిగింది. "మా నాన్న నలభై ఏళ్ళు కౌజులు పెంచాడు బాబూ. మొదటి కూతకే మగపిట్టని పోల్చుకున్నాను. మీరే చెబుతారని చూశాను."

చిజురు లేచి అల్మరా తీసింది. మౌని టక్కున ఆవిడ అరచేతిలోకి ఎక్కి, ఆవిడ అందించిన ఆకుకూర పొడుచుకు తినసాగాడు. నా చేతికి ఎప్పుడూ ఎక్కనివాడు!

"నీకెప్పట్నుంచి తెలుసు?" అన్నాను.

"పదిహేడు రోజులకి తోడుకునే పెరుగు ఎక్కడుందండీ? పిట్టల్ని దాచారు, నవ్వుకున్నాను. కానీ అందరి ముందూ తల వంచింది నేను. మీరు పేపరు చదువుకున్నారు."

అరిచినా బాగుండేది. మెల్లగా అంది.

పిట్టలు ఇగరాషి గారి పెరటి షెడ్డుకి మారాయి. చిజురు నా చేతిలో పన్నెండు స్వీటు ప్యాకెట్లు పెట్టింది. ఇంటింటికీ వెళ్ళాను. "ఆ గురక మా ఆవిడది కాదండీ. నేను అబద్ధమాడాను." పదకొండు తలుపుల దగ్గర ఈ మాటే, నేల చూపులతో గొణిగాను.

పన్నెండో తలుపు తొంభై ఏళ్ళ నుకుయి తాతగారిది. వినికిడి మిషన్ పెట్టుకోలేదు.

"ఆఁ?"

మళ్ళీ చెప్పాను.

"ఎవరికి విరిగింది?"

ఇక లాభం లేదు. గుండెల నిండా గాలి పీల్చి అరిచాను. "మా ఆవిడ గురక పెట్టదండీ! నేనే అబద్ధాలకోరుని!"

అన్ని తలుపులూ మళ్ళీ తెరుచుకున్నాయి. కింద వరండాలో చిజురు చీపురు ఆపి పైకి చూసింది.

తాతగారు ప్యాకెట్ అందుకుని, నా భుజం తట్టాడు. "దానికేం బాబూ, మంచి ఆడమనిషి. ఇంతకీ ఆవిడ గురక పెడుతుందని ఎవడన్నాడు?"