నాన్న ఇంకా తినలేదు

ఆ రోజు పొద్దున థోవా మనసులో వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి నాన్న పటం ముందు ఫో గిన్నె, అంటే గొడ్డు ఎముకల రసంలో నూడుల్స్, పెట్టాలి. మూడు అగరుబత్తులు వెలిగించాలి. నలభై నిమిషాల్లో అవి కాలిపోతాయి, నాన్న తిన్నట్టు లెక్క. అప్పుడు అందరికీ వడ్డించాలి. తమ్ముడు లామ్ మొదటి గుటక మింగి నోరు మూసుకోవాలి. నిజానికి పథకమంతా ఆ చివరి ముక్క కోసమే.

వాడి నోరు ఎందుకు మూయించాలంటే, పోయిన వారం ఫోన్ చేసి ఓ మాటన్నాడు. "అక్కా, వచ్చే ఏడు నుంచి నాన్న తద్దినం మా ఇంట్లో పెడతాం. కొడుకుని నేనున్నాను కదా!" పంతొమ్మిదేళ్లు సైగాన్‌లో కూర్చుని, ఏడాదికోసారి ఫోన్లో "బాగా జరిగిందా?" అని అడిగినవాడికి, పెళ్లాంతో హనోయ్‌కి మకాం మార్చిన ఆరు నెలలకే తను కొడుకునని గుర్తొచ్చింది! తద్దినం వెళితే నాన్న పటం వెళుతుంది, పటంతో పూజపీఠం వెళుతుంది. పంతొమ్మిదేళ్లుగా రోజూ తుడుచుకుంటున్న గోడ బోసిపోతుంది. థోవాకి ఒళ్లు మండిపోయింది. వారం నుంచీ మండుతూనే ఉంది.

అందుకే ఈసారి కోడి వద్దు, రొయ్యలు వద్దు, ఫో ఒక్కటే చాలనుకుంది. నాన్నది ఫోకి పుట్టిల్లయిన నామ్ దిన్. రసంలోంచి గిన్నె అడుగున వేసిన పువ్వు బొమ్మ కనపడకపోతే గిన్నెను వెనక్కి తోసేసే మనిషి. తెల్లవారకముందే లేచి గొడ్డు ఎముకల్ని ఒక ఉడుకు రానిచ్చి, ఆ నీళ్లు పారబోసి, ఒక్కొక్కటీ రుద్ది కడిగి మళ్లీ పొయ్యెక్కించింది. అల్లం, ఉల్లిపాయలు బొగ్గుల మీద కాల్చి, మాడిన తోలు గీకి వేసింది. అనాసపువ్వు, దాల్చినచెక్క, పెద్ద యాలక్కాయ వేయించి మూటగట్టి వదిలింది. మూత పెట్టకుండా, కుతకుతలాడనివ్వకుండా ఏడు గంటలు నురగ తీస్తూ నిలబడింది. రుచి మాత్రం చూడలేదు. పెద్దలకు పెట్టేది ఎంగిలి చేయకూడదు. ఉప్పదనానికి చేపల సాసు చివర్న, దించే ముందు పొయ్యాలి. ఎంతన్నది ఆమె చేతికే తెలుసు.

నూడుల్స్ పని మొగుడికి అప్పజెప్పింది. "ఏమండీ, నేను అరవగానే నూడుల్స్ వేడినీళ్లలో ముంచి, అన్ని గిన్నెల్లోనూ వేసి రసం పొయ్యండి. ముందే ముంచారో, ఉబ్బి ముద్దయిపోతాయి."

"నువ్వు పొద్దుట్నుంచీ అరుస్తూనే ఉన్నావు. ఏ అరుపుకి ముంచాలి?" అన్నాడు హ్వే.

"గట్టి అరుపుకి!"

పదకొండుకి పది నిమిషాలుంది. థోవా చేపల సాసు సీసా చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడే లామ్ భార్య సువాంగ్, పుట్టి పెరిగింది సైగాన్, రెండు సంచులతో వంటింట్లోకి వచ్చింది. "వదినా, పెసర మొలకలు తెచ్చాను. తీపి సాసు కూడా. మా వైపు ఇవి లేకుండా ఫో ముట్టనే ముట్టరు."

"మీ వైపు రసంలో పంచదార కూడా పోస్తారు. ఆ పాపం మీ వైపే ఉంచుకో!" థోవా సీసాను గట్టుమీద దబ్బుమని పెట్టింది. "మా నాన్న గిన్నెలో మొలకలా? ఆయనేమన్నా గుర్రమా? నడు బయటికి!"

సువాంగ్ కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లిపోయింది. థోవా పళ్లు నూరుకుంటూ పొయ్యి ఆర్పి, నాన్న గిన్నె నింపింది. తనే ముంచి తీసిన నాలుగు నూడుల్స్, పలచగా కోసిన మాంసం, ఉల్లికాడలు, పైన రసం. అడుగున పువ్వు రేకులతో సహా కనపడింది. ఆ గిన్నె రెండు చేతులా పట్టుకుని ముందుగదిలోకి వచ్చిన థోవా గుమ్మంలోనే ఆగిపోయింది. నాన్న పటం ముందు, దోమల చుట్టకి పెద్దన్నలాంటి అగరుచుట్ట ఒకటి వేలాడుతూ కాలుతోంది.

"ఏంటిది?"

"అగరుచుట్ట, వదినా," అంది సువాంగ్ ముక్కు తుడుచుకుంటూ. "మీకు కోపం వచ్చింది కదా, ఏదైనా మంచిపని చేద్దామని నేనే వెలిగించాను. గుడి దగ్గర కొట్లో అన్నిటికన్నా మంచిదిదేనట. ఇరవై నాలుగ్గంటలు కాలుతుందట!"

థోవా అరిచింది. సందు చివర సైకిల్ మీద పోతున్నవాడు కాలు కింద పెట్టి ఆగాడు.

"సరే సరే, ముంచేశా!" అని వంటింట్లోంచి హ్వే జవాబిచ్చాడు. రెండు నిమిషాల్లో పద్నాలుగు గిన్నెలూ రసంతో సహా బల్లమీదికి వచ్చాయి.

వెలిగించిన అగరు ఆర్పకూడదు. అది కాలినంతసేపూ నాన్న తింటున్నట్టే. ఆర్పితే ఆయన్ని గిన్నె ముందు నుంచి రెక్కపట్టి లేపినట్టే. పెద్దలు తినకముందు మనం తినడం ఆ ఇంటా వంటా లేదు. పద్నాలుగు మంది చుట్టాలు చేతులు కట్టుకుని, ఉబ్బుతున్న నూడుల్స్‌ని చూస్తూ కూర్చున్నారు.

చివరికి నాన్న తమ్ముడు, ఎనభై ఒక్కేళ్ల బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, రేపు పదకొండింటి దాకా నేనుంటానో ఉండనో. నాణేలు తియ్. తిన్నాడో లేదో మా అన్నయ్యనే అడుగుదాం."

ఒకవైపు సున్నం పూసిన రెండు పాత నాణేలు పీఠం మీదే ఉంటాయి. ఒకటి తెలుపు, ఒకటి నలుపు పడితే పెద్దాయన సరేనన్నట్టు. రెండూ తెలుపైతే అవునూ కాదూ అనకుండా నవ్వుతున్నట్టు, రెండూ నలుపైతే కోపం వచ్చినట్టు. థోవా దణ్ణం పెట్టి పళ్లెంలో వేసింది. "నాన్నా, తిన్నావా?"

రెండూ నలుపే.

"రసం తేటగా లేదా? పువ్వు కనపడట్లేదా?" మళ్లీ వేసింది. మళ్లీ నలుపే.

"నాన్నకి ఏదో తక్కువైనట్టుందక్కా," అన్నాడు లామ్.

"తక్కువైంది నీ బుద్ధి!" మూడోసారి వేసింది. నలుపే.

"మొలకలేమో..." అని గొణిగింది సువాంగ్.

"నోరెత్తావంటే చూడు!"

"గిన్నెల్లో రసం లేదు," అన్నాడు హ్వే బల్ల దగ్గర్నుంచి. "నూడుల్సే తాగేశాయి."

ఏడు గంటలు నిలబడ్డ కాళ్లు, వారం రోజుల మంట, పంతొమ్మిదేళ్ల చాకిరీ, అన్నీ ఒక్కసారిగా థోవా నోటిదాకా వచ్చాయి. పటం వైపు వేలు చూపించింది. "బతికున్నప్పుడూ ఇంతే, పోయాకా ఇంతే! నా చేతి వంట నచ్చదు కదూ? అయితే వచ్చే ఏడు నుంచి నీ కొడుకింట్లోనే తిను! చాలా? సంతోషమా?" నాణేలు పళ్లెంలోకి విసిరికొట్టింది.

అవి గిరగిరా తిరిగి తిరిగి పడ్డాయి. ఒకటి తెలుపు, ఒకటి నలుపు.

బాబాయ్ ఒక్కడే చెంచా అందుకున్నాడు. "ఒప్పుకున్నాడు. కానివ్వండి." ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, థోవా వైపు చూశాడు. "అమ్మాయ్, దీంట్లో ఉప్పు లేదే."

సువాంగ్ వంటింట్లోకి వెళ్లి చేపల సాసు సీసా తెచ్చి బల్లమీద పెట్టింది. మూతకి చుట్టిన ప్లాస్టిక్ కూడా ఊడలేదు.

"మా అన్నయ్య మూడుసార్లు మొత్తుకున్నాడు పాపం," అన్నాడు బాబాయ్, సీసా మూత తిప్పుతూ.

వచ్చే ఏడు వంట తన నెత్తిన పడిందని సువాంగ్‌కి అప్పటికి తట్టింది. "వదినా, నాకు గుడ్డు ఉడకబెట్టడమే సరిగ్గా రాదు. 'మీ అక్క అలిసిపోతోంది, ఓ మాట అడిగి చూద్దాం' అని ఈయనతో అన్నాను. అంతే. మీరు వద్దంటారనే అనుకున్నాం కదండీ?" అని మొగుడి వైపు తిరిగింది. లామ్ ఉప్పులేని నూడుల్స్‌ని ఎంతో ఇష్టంగా తింటున్నట్టు గిన్నెలో తల దూర్చాడు. థోవాకి మళ్లీ అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తోచలేదు.

మర్నాడు పదకొండింటికి అగరుచుట్ట ఆఖరి బూడిద రాలింది. ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి థోవా నాణేలు తీసింది. "నాన్నా, నిన్న కోపంలో ఏదో వాగాను. ఆ మాట వెనక్కి తీసుకోనా?" అని మెల్లగా వేసింది.

రెండూ తెల్లగా పడ్డాయి. బతికుండగా నాన్న నవ్వడం ఆమె ఎన్నడూ చూడలేదు.